మిక్సీ ఆపమనడం లేదు, కండెన్సర్ వేయించమంటున్నాం

కేంద్ర కమ్యూనికేషన్లు, గ్రామీణాభివృద్ధి శాఖల సహాయ మంత్రి, గుంటూరు పార్లమెంటు సభ్యులు డాక్టర్ పెమ్మసాని చంద్రశేఖర్ గారికి,



ఢిల్లీకి ఇంగ్లీషులో అర్జీ పెట్టుకోవచ్చు. కానీ దేశంలో ఏ రేడియో తరంగం ఎవరు వాడుకోవాలో తేల్చే శాఖలో మీరున్నారు, పైగా మీరు వైద్యులు. ఆ ధైర్యంతోనే ఇది తెలుగులో, పదిమందీ చదివేలా రాస్తున్నాను. విషయం దక్షిణాఫ్రికాలోని ఒక ఎడారి నేలది. ఆకాశం వైపు తిరిగి ఉన్న 64 డిష్‌లది. మొదట వింటే మనకేం పని అనిపిస్తుంది. కానీ ఆ కథలో మన ప్రభుత్వం సొమ్మూ ఉంది, మీ శాఖ సంతకమూ ఉంది.

అంత దూరం పోయేముందు మా ఇంటి సంగతి ఒకటి చెబుతాను. చిన్నప్పుడు మా ఇంట్లో పాత రేడియో ఉండేది. విజయవాడ కేంద్రం, మీడియం వేవ్, 837 కిలోహెర్ట్జ్. ముల్లు అక్కడికి తెచ్చి ఆపడం మా నాన్న హక్కు. ఇంకెవరూ దాన్ని ముట్టుకోకూడదు. సరిగ్గా పొద్దుటి వార్తలు మొదలయ్యే వేళకే వంటింట్లో అమ్మ పచ్చడికి మిక్సీ వేసేది. అంతే, వార్తలు చదివే గొంతు మునిగిపోయి రేడియో గర్రుమనేది. మిక్సీ రేడియో స్టేషనేం కాదు. దానికి ఏరియల్ లేదు, ఎవరికో ఏదో చెప్పాలన్న ఉద్దేశమూ లేదు. కానీ మోటారులో బ్రష్షుల దగ్గర రాలే నిప్పురవ్వలు ఏ ఫ్రీక్వెన్సీ మీద పడితే ఆ ఫ్రీక్వెన్సీ మీద అరుస్తాయి. రోజూ ఇంట్లో ఇదే పేచీ. చివరికి ఊళ్లో రేడియో మెకానిక్ వచ్చి, మిక్సీ అడుగు విప్పి, చిన్న కండెన్సర్ ఒకటి అతికించి వెళ్లాడు. అమ్మను మిక్సీ మానేయమనలేదు, నాన్నను రేడియో కట్టేయమనలేదు. మర్నాటి నుంచి పచ్చడీ నూరుకుంది, వార్తలూ వినిపించాయి.

ఈ ఉత్తరంలో నేను అడగబోయేది ఆ మెకానిక్ చేసిన పాటి పనే.

కేప్‌టౌన్ నుంచి ఈశాన్యంగా ఆరేడు వందల కిలోమీటర్లు పోతే కర్నార్వన్ అనే చిన్న ఊరు వస్తుంది. చుట్టుపక్కలంతా గొర్రెల పెంపకమే. అక్కడి నుంచి ఇంకో 90 కిలోమీటర్లు లోపలికి వెళ్తే రాళ్లు, మోకాలెత్తు తుప్పలు, నెత్తి చెక్కేసినట్టు బల్లపరుపుగా ఉండే కొండలు. కరూ అంటారు ఆ ప్రాంతాన్ని. ఆ నేల మీద 64 తెల్లటి డిష్‌లు నిలబడి ఉంటాయి. ఒక్కొక్కటి 13.5 మీటర్ల వెడల్పు, 42 టన్నుల బరువు. 48 డిష్‌లు ఒక కిలోమీటరు వ్యాసంలోనే గుమిగూడి ఉంటే, మిగతావి దూరదూరంగా పరుచుకున్నాయి. ఏ రెండింటి మధ్యనైనా ఎడం 8 కిలోమీటర్లకు మించదు. వేళ అయినప్పుడు అన్నీ కలిసి ఒకే చుక్క వైపు మళ్లుతాయి. ఈ టెలిస్కోపు పేరు మీర్‌క్యాట్. మొదట 20 డిష్‌లతో కరూ అర్రే టెలిస్కోప్, పొట్టిగా క్యాట్, కట్టాలనుకున్నారు. తరవాత డబ్బు పెరిగి 64 అయింది. అక్కడి ఆఫ్రికాన్స్ భాషలో ‘మీర్’ అంటే ‘ఇంకా’ అని. ఇంకా పెద్ద క్యాట్ అన్నమాట. వెనక కాళ్ల మీద నిటారుగా లేచి దిక్కులు చూసే ముంగిస జాతి జంతువు పేరు కూడా అదే. అదీ ఆ ప్రాంతంలోనిదే. 2018 జులై 13న దాన్ని ప్రారంభించారు.

ఎడారిలోనే ఎందుకంటే, అక్కడ మనుషులు తక్కువ కాబట్టి. మనిషి ఉన్నచోట మోటారు, బల్బు, ఫోను, వై-ఫై ఉంటాయి. ప్రతిదీ మా మిక్సీ లాంటిదే. దక్షిణాఫ్రికా 2007లో దీనికోసం ప్రత్యేకంగా చట్టం చేసింది. ఆ ప్రాంతంలో ఏ పరికరం ఏ తరంగాలు వదలవచ్చో, వదలకూడదో అది చెబుతుంది. టెలిస్కోపు దగ్గరికి వెళ్లేవాళ్లు ఫోన్లు పనిచేయించకూడదు. డిష్‌లు విన్నదాన్ని లెక్కలు కట్టే కంప్యూటర్లే పెద్ద గోల చేస్తాయి కాబట్టి, వాటిని కొండ చాటున, నేలలోకి దించి కట్టిన లోహపు గదిలో పెట్టారు.

డాక్టరు గారూ, ఈ గది సంగతి మీకు నేను చెప్పనక్కరలేదు. ఎంఆర్ఐ గది గోడల్లోపల రాగి రేకు ఎందుకు తొడుగుతారో మీకు తెలుసు. రోగి ఒంట్లో ఉన్న హైడ్రోజన్ పలికే సన్నటి రేడియో సంకేతాన్ని యంత్రం వినాలి. బయటి రేడియో గోల లోపలికి వస్తే స్కాన్ మీద చారలు పడతాయి. కరూలో డిష్‌లు వినేవాటిలో కూడా హైడ్రోజన్ గొంతు ఒకటి. కాకపోతే ఆ హైడ్రోజన్ రోగి ఒంట్లోది కాదు, కోట్ల కాంతి సంవత్సరాల దూరంలో ఉన్న గెలాక్సీలది. అది 1420 మెగాహెర్ట్జ్ దగ్గర, 21 సెంటీమీటర్ల తరంగమై వస్తుంది. ఎంత సన్నగా వస్తుందంటే, మామూలు మొబైల్ ఫోనొకటి చంద్రుడి మీద పెట్టి మాట్లాడితే, రేడియో ఆకాశంలో అతి ప్రకాశవంతమైన వస్తువుల్లో అదీ ఒకటవుతుంది. వార్డులో గోల మధ్య స్టెతస్కోపు పెట్టి గుండెలో సన్నటి మర్మర్ పట్టుకోవడం ఎంత కష్టమో మీకు అనుభవమే.

చిన్న గోల ఎంత పెద్ద పండితులనైనా ఎలా బోల్తా కొట్టిస్తుందో ఆస్ట్రేలియాలోని పార్క్స్ టెలిస్కోపులో బయటపడింది. 1998 నుంచి అక్కడ అప్పుడప్పుడూ వింత మెరుపు సంకేతాలు నమోదయ్యేవి. సుదూర అంతరిక్షం నుంచి వచ్చే మెరుపుల పోలికే. ఏళ్ల తరబడి తలలు పట్టుకున్నారు. 2015లో తేలిందేమిటంటే, అక్కడి వాళ్లు తిండి వేడి చేసుకుంటూ, టైమరు మోగేదాకా ఆగకుండా మైక్రోవేవ్ తలుపు లాగేయడమే కారణం. తలుపు తెరుచుకున్న ఆ రెప్పపాటులో లోపలి తరంగం బయటికి తప్పించుకుంటోంది. మైక్రోవేవ్ కూడా ఎవరికీ సందేశం పంపలేదు. కారిందంతే.

గోల తగ్గించగలిగితే ఏం వినిపిస్తుందో కరూ చూపించింది. మన పాలపుంత నడిమధ్య, దుమ్ము మేఘాల వెనక దాగి ఉన్న చోటు మామూలు కాంతికి కనిపించదు. రేడియో తరంగం దుమ్మును దాటి వస్తుంది. మీర్‌క్యాట్ 2019లో అక్కడ కొస నుంచి కొసకు 1,400 కాంతి సంవత్సరాలు సాగిన రెండు రేడియో బుడగలను పట్టింది. 2022లో, 200 గంటలు విని కూర్చిన బొమ్మలో ఆ కేంద్రం చుట్టూ వీణ తీగల్లా సాగిన సన్నటి గీతలు, పేలిపోయిన నక్షత్రాల పెంకులు, అన్నీ ఒక్క చోట కనిపించాయి. ఆఫ్రికా గడ్డ మీద కట్టిన యంత్రంతో వచ్చిన బొమ్మ అది.

ఇప్పుడు అక్కడే దానికంటే ఎంతో పెద్ద పని జరుగుతోంది. స్క్వేర్ కిలోమీటర్ అర్రే, ఎస్‌కేఏ. ఆ 64 డిష్‌ల పక్కన 15 మీటర్ల డిష్‌లు ఇంకో 133 చేరి, మొత్తం 197 అవుతాయి. రెండో భాగం పశ్చిమ ఆస్ట్రేలియా ఎడారిలో. అక్కడ డిష్‌లు ఉండవు. రెండు మీటర్ల ఎత్తున్న లోహపు చెట్ల లాంటి యాంటెన్నాలు 1,31,072 నాటుతున్నారు. తిరుపతి దగ్గర గాదంకిలో వాతావరణ పరిశోధన రాడార్ యాంటెన్నాల మైదానం చూసినవాళ్లకు ఆ దృశ్యం కొంత ఊహకందుతుంది. గాదంకిలో ఉన్నవి 1,024. ఆస్ట్రేలియాలో 2025 మార్చిలో తొలి చిత్రం తీసినప్పుడు వాడినవి కూడా సరిగ్గా 1,024 యాంటెన్నాలే. మొత్తంలో నూటికి ఒక వంతు కూడా లేని ఆ చెవితోనే 85 గెలాక్సీల దాకా కనిపించాయి.

ఇందులో మన వాటా ఉంది. 2024 జనవరిలో బయటికొచ్చిన నిర్ణయం ప్రకారం కేంద్ర మంత్రివర్గం ఎస్‌కేఏ కోసం 1,250 కోట్ల రూపాయలు మంజూరు చేసింది. ఇంత పెద్ద యంత్రాన్ని నడిపించే నియంత్రణ సాఫ్ట్‌వేర్‌లో ముఖ్య బాధ్యత పూణేలోని జాతీయ రేడియో ఖగోళ భౌతిక కేంద్రానిది. ఈ అర్హత మనకు ఊరికే రాలేదు. గోవింద్ స్వరూప్ గారు 1970లో ఊటీ కొండవాలు మీద 530 మీటర్ల పొడవున్న టెలిస్కోపు నిలబెట్టారు. తరవాత పూణే దగ్గర ఖోడద్‌లో 45 మీటర్ల డిష్‌లు 30 కట్టించారు. ఖర్చు తగ్గించడానికి డిష్ లోపల రేకు బదులు సన్నటి తీగల వల పరిపించిన మనిషి ఆయన. పెద్ద యంత్రాన్ని పొదుపుగా కట్టడంలో మనకు ప్రపంచంలో పేరు తెచ్చింది ఆ వలే.

ఇక అసలు సంగతి. నేల మీది గోలను చట్టంతో ఆపవచ్చు. కరూకు గోడలు లేకపోయినా చట్టం గోడ కట్టింది. పైకప్పు మాత్రం ఎవరూ కట్టలేదు.

2019 మేలో స్టార్‌లింక్ తొలి 60 ఉపగ్రహాలు పైకి వెళ్లాయి. ఇవాళ అవి వేల సంఖ్యలో తిరుగుతున్నాయి. మరికొన్ని కంపెనీలు, మరికొన్ని దేశాలు వరసలో ఉన్నాయి. అవి ఇంటర్నెట్ పంపే ఫ్రీక్వెన్సీలు వేరు, వాటికి లైసెన్సులున్నాయి. నా మాట వాటి గురించి కాదు. ఆ ఉపగ్రహాల లోపలి ఎలక్ట్రానిక్స్ నుంచి, ఎవరూ పంపకుండానే, కారిపోతున్న తరంగాల గురించి. నెదర్లాండ్స్‌లోని లోఫార్ టెలిస్కోపు 2023లో 110 నుంచి 188 మెగాహెర్ట్జ్ మధ్య ఆ కారుడును పట్టుకుంది. మరుసటి ఏడాది చూస్తే, కొత్త తరం ఉపగ్రహాలు పాత వాటికంటే 32 రెట్ల దాకా ఎక్కువ కారుస్తున్నాయి. 2025లో ఆస్ట్రేలియాలోని కర్టిన్ విశ్వవిద్యాలయం వాళ్లు, ఎస్‌కేఏ కడుతున్న ఆ ఎడారిలోనే ఒక నమూనా స్టేషన్ పెట్టి తీసిన 7 కోట్ల 60 లక్షల ఆకాశ చిత్రాలను జల్లెడ పట్టారు. 1,806 స్టార్‌లింక్ ఉపగ్రహాల నుంచి లక్షా పన్నెండు వేలకు పైగా సంకేతాలు దొరికాయి. వంటింట్లో ఒక మిక్సీ పోయి, నెత్తి మీద వేల మిక్సీలు తిరుగుతున్నాయి.

ఆ 1,806లో 703 ఉపగ్రహాల సంకేతం 150.8 మెగాహెర్ట్జ్ దగ్గర దొరికింది. ఈ అంకె దగ్గర మీరు ఒక్క నిమిషం ఆగాలి. అంతర్జాతీయ రేడియో నిబంధనల్లో 150.05 నుంచి 153 మెగాహెర్ట్జ్ వరకు ఉన్న బ్యాండ్‌ను రేడియో ఖగోళశాస్త్రానికి కూడా కేటాయిస్తున్నట్టు ఒక ప్రత్యేకమైన పాదసూచిక ఉంది. అందులో పేర్లు రెండే: ఆస్ట్రేలియా, భారత్. అంటే మన కోసం మనం రాయించుకున్న హక్కు అది.

కంపెనీ నేరం చేసిందని నేను అనడం లేదు. నిబంధనలన్నీ కావాలని పంపే తరంగాల గురించే రాశారు. కారిపోయే తరంగాల గురించి వాటిలో గట్టి మాట లేదు. ఖాళీ ఉన్నది కాగితంలో. కాగితం మీ శాఖ పని.

‘హైడ్రోజన్ కోసం 1400 నుంచి 1427 మెగాహెర్ట్జ్ దాకా ఖాళీగా వదిలేశాం కదా, ఇంకేం కావాలి’ అని మీ అధికారులు అడగవచ్చు. నిజమే, ఆ బ్యాండ్‌లో ఎవరూ ప్రసారం చేయకూడదు. కానీ విశ్వం వ్యాకోచిస్తోంది. హైడ్రోజన్ గొంతు ఎంత పాతదైతే దాని తరంగం అంతగా సాగిపోయి మన దగ్గరికి చేరుతుంది. మొదటి నక్షత్రాలు వెలిగిన రోజుల నాటి గొంతు 1420 దగ్గర ఉండదు, 200 మెగాహెర్ట్జ్‌కు కింద ఎక్కడో ఉంటుంది. ఆస్ట్రేలియాలో ఆ లక్షా ముప్పై ఒక్క వేల లోహపు చెట్లు నాటుతున్నది సరిగ్గా దానికోసమే. ఉపగ్రహాలు కారుతున్నదీ సరిగ్గా అక్కడే.

ఈ నిశ్శబ్దానికి వెల కట్టిన మనుషులున్నారని కూడా గుర్తుచేయాలి. కరూలో గొర్రెల కాపరుల పొలాలు కొన్ని టెలిస్కోపు కోసం కొన్నారు. మిగిలినవాళ్లు ఆ ఆంక్షల మధ్యే బతుకుతున్నారు. ఆస్ట్రేలియాలో ఆ నేల వజర్రి యమజి ప్రజలది. తమ భూమిలో టెలిస్కోపు కట్టుకోవడానికి ఒప్పుకుని, ఆ చోటికి ‘ఇన్యర్రిమన్హ ఇల్గరి బుందర’ అని తమ భాషలో పేరు పెట్టారు. ఆకాశాన్నీ చుక్కలనూ పంచుకోవడం అని దానర్థం. ఈ రెండు చోట్లా మనుషులు వదులుకుని మిగిల్చిన నిశ్శబ్దం పైనుంచి చెడితే, ఆ త్యాగానికి విలువేముంది?

మీ రెండో శాఖ నాకు గుర్తుంది. గ్రామీణాభివృద్ధి. పింఛను వేలిముద్ర కోసం సిగ్నల్ అందే గుట్ట వెతుక్కుంటూ ఎక్కే గిరిజన గూడేలు మన మన్యంలో ఉన్నాయి. టవరు వేయలేని చోట ఉపగ్రహమే దిక్కు. మీ శాఖ 2025 జూన్‌లో స్టార్‌లింక్‌కు లైసెన్సు ఇచ్చింది. అంతకుముందే వేరే సంస్థలకూ ఇచ్చింది. ఇవ్వకూడదని నేను అనను. గూడెంలో పిల్లకు ఆన్‌లైన్ పాఠం అందడం, 1,300 కోట్ల ఏళ్ల నాటి హైడ్రోజన్ గొంతు వినడం, రెండూ కావాలి. మా అమ్మకు పచ్చడీ, నాన్నకు వార్తలూ కావలసి వచ్చినట్టే.

పైగా ఈ రెండూ పుట్టుకతో శత్రువులు కావు. రేడియో ఖగోళశాస్త్రం పుట్టిందే ఒక టెలిఫోన్ కంపెనీ ప్రయోగశాలలో. అట్లాంటిక్ దాటే ఫోన్ మాటల్లో గరగర ఎక్కడి నుంచి వస్తోందో వెతకమని బెల్ ల్యాబ్స్ వాళ్లు కార్ల్ జాన్‌స్కీ అనే కుర్ర ఇంజినీరుకు పని పెట్టారు. ఉరుముల గరగర ఒకటి తేలింది. ఇంకోటి మాత్రం పాలపుంత మధ్య నుంచి వస్తోందని 1933లో ప్రకటించాడు. అదే సంస్థలో 1964లో పెంజియాస్, విల్సన్ ఒక కొమ్ము ఆకారం ఏరియల్‌లో ఎంతకీ పోని సన్నటి హోరు విన్నారు. అందులో గూడు పెట్టిన పావురాలను తోలేసి, రెట్ట అంతా కడిగించినా హోరు పోలేదు. అది విశ్వం పుట్టిన వేడి తాలూకు మిగులు అని తరవాత తెలిసింది, 1978లో నోబెల్ వచ్చింది. కమ్యూనికేషన్ల వాళ్లు గోలను ఓపికగా వెతికితే మానవజాతికి ఎంత దక్కుతుందో చెప్పడానికి ఇంతకంటే సాక్ష్యం అక్కరలేదు.

కండెన్సర్ వేయడం కూడా సాధ్యమేనని తేలింది. అమెరికాలో న్యూ మెక్సికో ఎడారిలో 27 డిష్‌ల వీఎల్ఏ టెలిస్కోపును నడిపే సంస్థ, స్టార్‌లింక్ కంపెనీ కలిసి ఒక ఏర్పాటు చేసుకున్నాయి. టెలిస్కోపు ఏ క్షణంలో ఎటు చూస్తోందో కంపెనీకి ఎప్పటికప్పుడు తెలుస్తుంది. ఉపగ్రహం ఆ చూపుకు ఎదురొచ్చేటప్పుడు తన పుంజాన్ని పక్కకు తిప్పుకుంటుంది. ఇది కావాలని పంపే తరంగాలకు మందు. కారే తరంగాలకు మందు వేరే, అది ఉపగ్రహం కట్టేటప్పుడే లోపల కవచం వేయడం. రెండూ ఇంజినీర్లకు చేతనైన పనులే. చేయమని అడిగేవాళ్లు కావాలి.

అందుకని మీ ముందు మూడు మాటలు పెడుతున్నాను.

ఒకటి. ప్రపంచ రేడియో సదస్సు 2027లో షాంఘైలో జరగనుంది. దాని ఎజెండాలో 1.16 అనే అంశం ఉంది. నిశ్శబ్ద మండలాల్లోని రేడియో టెలిస్కోపులను ఉపగ్రహాల గుంపుల మొత్తం గోల నుంచి ఎలా కాపాడాలన్నదే ఆ అంశం. అక్కడ భారత్ మౌనంగా కూర్చోకూడదు. కాపాడాలి అని గట్టిగా చెప్పాలి. ఆ బృందంలో పూణే శాస్త్రవేత్తలకు చోటు ఉండాలి. ఆ వైఖరి ఏమిటో ముందుగానే పార్లమెంటుకు చెప్పాలి.

రెండు. మన దేశంలో సేవలిచ్చే ప్రతి ఉపగ్రహ సంస్థా తన ఉపగ్రహం ఎంత కారుతోందో కొలిపించి, ఆ లెక్క బయటపెట్టాలన్న షరతు లైసెన్సులో ఉండాలి. 150.05 నుంచి 153 వరకు ఉన్న మన బ్యాండ్‌తో ఆ లెక్క మొదలు కావాలి.

మూడు. న్యూ మెక్సికోలో కుదిరిన ఏర్పాటు ఖోడద్‌లోనూ కుదర్చాలి. కంపెనీ ఒక దేశంలో చేయగలిగినది ఇంకో దేశంలో చేయలేకపోవడానికి కారణం ఉండదు.

వైద్యులు గుండె చప్పుడు వినబోతూ, చుట్టూ ఉన్నవాళ్లను ఒక్క నిమిషం ఆగమంటారు. ఎవరూ తప్పుపట్టరు. ఒకే ప్రభుత్వం ఒక చేత్తో 1,250 కోట్లు పెట్టి చెవి కొంటూ, ఇంకో చేత్తో ఆ చెవి పక్కనే లౌడ్ స్పీకర్లకు లైసెన్సులిస్తోంది. ఆ రెండో చెయ్యి మీ శాఖది. లైసెన్సు రద్దు చేయమని నేను కోరడం లేదు. దాని అడుగున కండెన్సర్ లాంటి ఒక్క షరతు చేర్చమంటున్నాను. షాంఘై సదస్సుకు బృందం బయల్దేరే లోపే ఆ పని చేయండి.

ఇట్లు,
విజయవాడ కేంద్రం పాత శ్రోత ఒకరు